కిరాయిదారులున్న ఇంటి కొనుగోలు: చట్టం, ధర్మం

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఇల్లు కొని చూడమని మాత్రం వారు చెప్పలేదు. కట్టుటలో ఉన్న కష్టం కొనుటలో ఉండదని వారు తలచి ఉండవచ్చును. అందులోనూ మరొకరు కాపురముంటున్న ఇంటిని కొనవలసిన అవసరం నాటి పల్లె జీవితంలో అంతగా కలిగి ఉండదు. పట్టణాలు పెరిగిన ఈ కాలంలో పరిస్థితి వేరు. ఊరి నడుమ ఖాళీ స్థలం దొరకదు. దొరికిన ఇంటిలో ఒకరో ఇద్దరో అద్దెకు ఉండనే ఉంటారు. గల్ఫ్ దేశాలలో పదేళ్ళు, పదిహేనేళ్ళు చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ముతోనో, పదవీ విరమణనాడు చేతికందిన సొమ్ముతోనో మన కుటుంబాలు కొనే ఇండ్లలో అధిక భాగం ఇట్టివే.

కోస్తా జిల్లాలలో దీనిని అద్దె అంటాం, తెలంగాణంలో కిరాయి అంటాం. ఉర్దూలో ఇంటివానిని మకాన్‌దార్ అని, అద్దెవానిని కిరాయాదార్ అని పిలుస్తాం. మాట ఏదైనా చిక్కు ఒకటే. ఇంటి యజమాని మారినప్పుడు ఆ ఇంటిలో ఉన్నవాని హక్కు ఏమగును? కొన్నవాని హక్కు ఎంతవరకు చెల్లును? ఈ ప్రశ్నలను మన విద్యార్థులు పాఠ్యగ్రంథాలలో చదువరు. కాని వారిలో అనేకులు నేడు అద్దె ఇండ్లలో ఉన్నవారే, రేపు ఇండ్లు కొనబోయేవారే. కనుక ఈ విషయాన్ని సాధ్యమైనంత సులభంగా వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక అనుభవం

ముందుగా మా ఇంటి ముచ్చట ఒకటి చెబుతాను. మా చాచాగారు సౌదీలో పదునాలుగేళ్ళు పనిచేసి వచ్చి, ఒక పట్టణంలో మూడు వాటాల ఇల్లు కొన్నారు. అమ్మినవాడు, “రంజాన్ గడవగానే అందరూ ఖాళీ చేస్తారు భాయ్, నాదీ పూచీ” అన్నాడు. చాచాగారు దస్తావేజులు చూపించారు, ఇ.సి. తీయించారు, ఇంటిపన్ను రసీదులు సరిచూశారు. అన్నీ బాగున్నవి. ఆయన చేయనిది ఒక్కటే. ఆ మూడు వాటాల తలుపులలో ఒక్కటైనా తట్టి, లోపలివారితో మాట్లాడలేదు. “మన సొమ్ము, మన ఇల్లు, వారితో మనకు మాటలేమి?” అనుకున్నారు.

రిజిస్ట్రీ అయినది. పండుగ గడిచినది. రెండు వాటాలు ఖాళీ అయినవి. మూడవ వాటాలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న ఒక వృద్ధ దర్జీ మాత్రం కదలలేదు. ఆయన పెట్టె అడుగునుండి ఒక కాగితం తీసి చూపాడు. ఆ వాటాను తనకే అమ్ముతానని పాత యజమాని వ్రాసి ఇచ్చి, బయానా పుచ్చుకున్న కాగితమది. ఇ.సి.లో అది కనబడదు. రిజిస్టరయిన లావాదేవీలు మాత్రమే ఇ.సి.లో ఉంటాయి. చాచాగారి పెద్దకూతురి నిఖా ఆ ఇంటనే జరగవలెనని నిశ్చయించుకొని ఉన్నారు. నిఖా మరొకచోట జరిగినది. మసీదు పెద్దలు కూర్చోబెట్టి, అమ్మినవానిచేత బయానా సొమ్ము దర్జీకి తిరిగి ఇప్పించుటకు రెండేళ్ళు పట్టినది. ఆ రెండేళ్ళలో పోయిన నిద్రకు లెక్క లేదు. ఆ దర్జీ చాచాగారి కిరాయిదారుగా తన చివరి రోజులవరకు ఆ వాటాలోనే ఉన్నాడు.

ఈ కథలో దుర్మార్గుడు ఒక్కడే, అమ్మినవాడు. నష్టపోయినవారు మాత్రం ఇద్దరు. ఆ నష్టం తప్పించుకొనుటకు ఏమి తెలిసి ఉండవలెనో ఇక చూద్దాం.

అమ్మకం అద్దెను త్రెంచదు

ప్రాచీన రోమను న్యాయంలో ఇల్లు కొన్నవాడు అందులోని అద్దెవానిని వెళ్ళగొట్టవచ్చును. అద్దెవాడు తనకు మాట ఇచ్చిన పాత యజమానిపై నష్టపరిహారం కోరుకొనవలసినదే గాని, కొత్త యజమానిని అడ్డగించుటకు వీలులేదు. ఆ పద్ధతిని తరువాతి కాలం అంగీకరించలేదు. 1900లో అమలులోకి వచ్చిన జర్మనీ పౌరస్మృతి, అమ్మకం అద్దెను త్రెంచదని స్పష్టంగా విధించినది.

ఇస్లామీ ధర్మశాస్త్రంలో అద్దెను ఇజారా అంటారు. ఈ మాట తెలుగులోకి కూడా వచ్చి చేరినది. హనఫీ సంప్రదాయాన్ని అనుసరించి 1869 – 1876 సంవత్సరాల మధ్య ఉస్మానియా తుర్కు సామ్రాజ్యంలో కూర్చబడిన న్యాయస్మృతికి ‘మజల్లా’ అని పేరు. అందులోని 590వ సూత్రం మన విషయాన్నే చెబుతున్నది. అద్దెకు ఇచ్చిన వస్తువును యజమాని అద్దెవాని అనుమతి లేకుండా అమ్మితే, ఆ అమ్మకం అమ్మినవానికి, కొన్నవానికి నడుమ చెల్లును. కాని అద్దెవానిపై చెల్లదు. గడువు ముగిసేవరకు అతని అనుభవానికి భంగం లేదు. గడువు తీరిన పిమ్మట కొన్నవాడు దానిని స్వీకరించవలసినదే. ఒకరి హక్కు మరొకరి హక్కును మింగివేయరాదన్న భావం ఇందులో ఎంత చక్కగా ఉన్నదో గమనించండి.

మన దేశంలో ఈ విషయానికి మూలాధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని 109వ సెక్షను ప్రకారం, అద్దెకు ఇచ్చిన ఆస్తిని కొన్నవానికి పాత యజమాని హక్కులన్నీ సంక్రమిస్తాయి. పాత యజమాని బూట్లలో కొత్త యజమాని కాలు పెట్టినట్లే. ఇందుకు అద్దెవాని సమ్మతి అవసరం లేదు. అయితే అతనితో కొత్తగా ఒప్పందం చేసుకొనకపోయినా, పాత ఒప్పందం అలాగే నడుస్తుంది.

ఇదే సెక్షనులో మరి రెండు సంగతులు ఉన్నవి. మొదటిది, అమ్మకానికి పూర్వం బాకీపడిన అద్దె, వేరుగా వ్రాసుకొంటే తప్ప, కొన్నవానికి చెందదు. రెండవది, ఇల్లు చేతులు మారినదని తెలియక, అలా తలచుటకు కారణమూ లేక, అద్దెవాడు పాత యజమానికే అద్దె చెల్లించితే, కొత్త యజమాని అదే అద్దెను మరల అడుగరాదు. కాబట్టి రిజిస్ట్రీ అయిన వెంటనే అద్దెవారికి వ్రాతపూర్వకంగా తెలియజేయుట కొన్నవాని బాధ్యత మాత్రమే కాదు, లాభం కూడా.

స్వాధీనమే హెచ్చరిక

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన సూత్రానికి వస్తున్నాం. ఆస్తి బదిలీ చట్టంలోని 3వ సెక్షనుకు 1929 నాటి సవరణ ద్వారా ఒక వివరణ చేర్చబడినది. స్థిరాస్తిని కొనేవానికి, ఆ సమయంలో దానిని వాస్తవంగా స్వాధీనంలో ఉంచుకున్నవాని హక్కు ఏమిటో తెలిసియే ఉన్నదని చట్టం భావిస్తుంది. అతడు నిజంగా తెలుసుకున్నాడా లేదా అన్నది ప్రశ్న కాదు. తెలుసుకొనగలిగి ఉండి తెలుసుకొనకపోవుట, తెలిసినట్లే లెక్క.

ఈ సూత్రం పాతది. 1809లో ఇంగ్లండులో డేనియల్స్, డేవిసన్ అనువారి వ్యాజ్యంలో న్యాయస్థానం ఇట్లే తీర్పు చెప్పినది. అద్దెకు ఉన్నవాడు ఆ ఆస్తిని తానే కొనుటకు ఒప్పందం చేసుకొని ఉండగా, మరొకడు దానిని కొన్నాడు. అద్దెవాడు అక్కడ ఉండుటయే తగిన హెచ్చరిక, అతనిని విచారించకపోవుట కొన్నవాని తప్పిదం అన్నది న్యాయస్థానం. 2000 సంవత్సరంలో మన సుప్రీం కోర్టు కూడా ఇటువంటి వివాదంలోనే తీర్పు ఇచ్చినది. స్వాధీనంలో ఉన్న అద్దెవానికి కొనుగోలు ఒప్పందం ఉన్నది. అతడు అద్దెకు ఉన్నాడని తరువాత కొన్నవారికి తెలుసు. ‘అద్దెవాడే కదా’ అని వారు ఊరకుండినారు. అంతకుమించి అతనికి ఏ హక్కు ఉన్నదో అడిగి తెలుసుకొనవలసినదని కోర్టు నిర్ణయించి, వారు ఏమీ తెలియక కొన్నవారన్న వాదాన్ని త్రోసిపుచ్చినది.

చూడండి, మా చాచాగారు తట్టని తలుపు ఎంతటిదో! అమ్మేవాడు దాచిన లోపాలను బయటపెట్టవలెనని అదే చట్టం 55వ సెక్షను విధిస్తున్నది నిజమే. కాని సామాన్యమైన జాగ్రత్తతో కొనేవాడు కనుగొనలేని లోపాలకే ఆ విధి వర్తించును. ఇంటిలో పొయ్యి వెలుగుతూ ఉండగా, తీగమీద బట్టలు ఆరుతూ ఉండగా, అందులో మనుషులున్నారని తెలియదనుట ఎవరికీ సాధ్యం కాదు. స్వాధీనం విషయంలో కూడా, ఆస్తి స్వభావం అనుమతించినంత స్వాధీనమే అమ్మేవాడు ఇవ్వవలెనని ఆ సెక్షను చెబుతున్నది. అద్దెవారున్న ఇంటి విషయంలో ఆ స్వాధీనమనగా అద్దె వసూలు చేసుకొనే హక్కు మాత్రమే. తాళపుచెవి కాదు.

ఖాళీ చేయించుట ఎట్లు?

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పట్టణాలలో అద్దెలు విపరీతంగా పెరిగినప్పుడు, 1918లో బొంబాయిలో అద్దె నియంత్రణ చట్టం వచ్చినది. తరువాత ఇతర రాష్ట్రాలూ ఆ త్రోవ పట్టినవి. ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం, తెలంగాణ ప్రాంతంలో 1954 నాటి హైదరాబాదు చట్టం అమలులో ఉండేవి. ఈ రెండింటికి బదులుగా 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, తొలగింపు) నియంత్రణ చట్టం వచ్చినది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ ఆ చట్టాన్నే తనదిగా స్వీకరించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరొక కొత్త చట్టం చేయబడినది. 2021లో కేంద్ర ప్రభుత్వం ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించినది గాని, అది రాష్ట్రాలకు సూచన మాత్రమే. కనుక ఇల్లు ఏ రాష్ట్రంలో ఉన్నదో, దానికి ఏ చట్టం వర్తించునో ముందుగా తెలుసుకొనవలెను.

1960 చట్టం వర్తించే చోట, అద్దెవానిని తొలగించుటకు రెంట్ కంట్రోలర్ ఎదుట చట్టం చెప్పిన కారణాలలో ఒకదానిని రుజువు చేయవలెను. బుద్ధిపూర్వకంగా అద్దె ఎగవేయుట, అనుమతి లేక మరొకరికి అద్దెకు ఇచ్చుట, ఇంటికి నష్టం కలిగించుట, యజమాని హక్కునే కాదనుట వీనిలో కొన్ని. యజమానికి స్వంత నివాసానికి ఇల్లు అవసరమగుట కూడా ఒక కారణమే. కాని అద్దె ప్రారంభమైన తరువాత కొనుగోలుచేసి యజమాని అయినవాడు, తన దస్తావేజు రిజిస్టరయిన నాటినుండి మూడు నెలలు గడువనిదే స్వంత అవసరం పేరుతో దరఖాస్తు చేయరాదు. నిర్ణీత గడువుకు ఇచ్చిన అద్దె అయితే ఆ గడువూ ముగియవలెను. “వచ్చే నెల ఖాళీ చేయిస్తాను” అనే అమ్మకందారు మాటకు చట్టంలో చోటు ఎంత ఉన్నదో ఇంతటితో తెలియగలదు.

2005 నాటి సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించిన, ఇతర ప్రాంతాలలో 2,000 రూపాయలకు మించిన అద్దెలు ఈ చట్టం పరిధినుండి తొలగినవి. ఇందులో ఒక విశేషం ఉన్నది. కొత్తగా ఎక్కువ అద్దెకు వచ్చినవానికి ఈ రక్షణ లేదు. పాతికేళ్ళ క్రిందటి స్వల్పమైన అద్దెతోనే కొనసాగుతున్నవానికి అది ఉండవచ్చును. కనుక అద్దె ఎంత తక్కువో, చిక్కు అంత ఎక్కువ అనుకొనుట మంచిది.

నియంత్రణ చట్టం వర్తించని చోట ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షను ఉన్నది. వేరు ఒప్పందం లేనప్పుడు నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసు చాలును. నోటీసుకు లొంగనివానిపై సివిలు కోర్టులో దావా వేయవలెను. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావలెనని 107వ సెక్షను చెబుతున్నది. దేశమంతటా పదకొండు నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చుటకు కారణమిదే. అయిదేళ్ళకని తెల్లకాగితంపై వ్రాసుకున్న ఒప్పందానికి అయిదేళ్ళ లీజు విలువ ఉండదు.

ఒక్కటి మాత్రం ఏ చట్టం క్రిందా చెల్లదు. అది బలప్రయోగం. నీళ్ళు కట్టివేయుట, కరెంటు తీయించుట, సామాను వీధిలో పడవేయుట వంటి పనులు చేసినవాడు తన న్యాయమైన హక్కును కూడా చెడగొట్టుకుంటాడు. చట్టప్రకారం కాక వెళ్ళగొట్టబడినవాడు ఆరు నెలలలోగా దావా వేసి, యజమాని హక్కు ప్రశ్న లేకుండానే తన స్వాధీనం తిరిగి పొందవచ్చునని 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షను చెబుతున్నది.

లెక్కలు

ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడు వాటాలు, ఒక దుకాణం ఉన్న ఇంటి ధర 60,00,000 రూపాయలు. వాటాకు 6,000 చొప్పున, దుకాణానికి 9,000 కలిపి నెలకు 27,000 అద్దె. ఏడాదికి 3,24,000. ఇంటిపన్ను, మరమ్మతులు, ఖాళీగా ఉండే నెలలు కలిపి 54,000 తీసివేస్తే మిగిలేది 2,70,000. అనగా పెట్టిన సొమ్ముపై నూటికి నాలుగున్నర. “నెలకు ఇరవై ఏడు వేలు” అన్నప్పుడు చెవికి ఇంపుగా ఉన్నది, నూటికి నాలుగున్నర అన్నప్పుడు ఆలోచనలో పడవేస్తుంది. పడవేయవలెను కూడా.

అద్దెవారు పాత యజమానికి ఇచ్చిన అడ్వాన్సు మాట మరువరాదు. వాటాకు 12,000, దుకాణానికి 90,000 ఇచ్చి ఉంటే మొత్తం 1,26,000. ఖాళీ చేసేనాడు వారు ఆ సొమ్మును కొత్త యజమానినే అడుగుతారు. కనుక దానిని ధరలో తగ్గించుకొని, ఆ సంగతి దస్తావేజులో వ్రాయించవలెను. పాత బజారు దుకాణాలలో పగిడీ రూపంలో రసీదు లేకుండా చేతులు మారిన సొమ్ము ఉంటుంది. దానిని కూడా అడిగి తెలుసుకొనవలెను.

నెల నడుమ రిజిస్ట్రీ అయితే అద్దెను రోజుల లెక్కన పంచుకొనవలెను. 36వ సెక్షను ఆ విధంగానే చెబుతున్నది. జూన్ 11న రిజిస్టరయితే పది రోజుల అద్దె 9,000 అమ్మినవానికి, ఇరవై రోజుల అద్దె 18,000 కొన్నవానికి చెందును.

అద్దె వసూలు చేసేవాడు యజమానియేనా?

ఇది మన కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట. తండ్రి గతించిన పిమ్మట పెద్దకొడుకు ఇంటి అద్దెలు వసూలు చేయుట ఆచారం. ఏళ్ళు గడిచేకొద్దీ అద్దెవారు, ఇరుగుపొరుగువారు అతనినే యజమాని అనుకుంటారు. కాని షరీఅత్ ప్రకారం తండ్రి మరణించిన క్షణంలోనే తల్లికి, కుమార్తెలకు కూడా వారి వారి వాటాలు సంక్రమించినవి. కుమార్తె వాటా కుమారుని వాటాలో సగం. సగమే అయినా అది ఆమె సొత్తు. ఒక వారసుడు మిగిలినవారి వాటాలను వారి సమ్మతి లేకుండా అమ్మజాలడు. అక్కచెల్లెండ్ర సంతకాలు లేని ఇల్లు కొన్నవాడు ఇంటిని కాదు, వ్యాజ్యాన్ని కొన్నవాడగును.

మరొకటి వక్ఫ్ ఆస్తి. మసీదులకు, దర్గాలకు, ఆషూర్‌ఖానాలకు చెందిన దుకాణాలు, ఇండ్లు మన పట్టణాలలో అనేకం ఉన్నవి. తరతరాలుగా వానిలో కిరాయికి ఉన్నవాడు వేరొకనికి కిరాయికి ఇచ్చి, చివరకు యజమానిగా చెలామణి అగుట కద్దు. 1995 నాటి వక్ఫ్ చట్టానికి 2013లో చేసిన సవరణ వక్ఫ్ ఆస్తి అమ్మకాన్ని చెల్లకుండా చేసినది. కనుక వక్ఫ్ రికార్డులను, రిజిస్ట్రేషను శాఖవారి నిషేధిత ఆస్తుల జాబితాను చూడకుండా బయానా ఇవ్వరాదు.

కొనుటకు ముందు చేయవలసినవి

1. ప్రతి వాటా తలుపు తట్టవలెను. ఎవరు, ఎన్నాళ్ళుగా ఉన్నారు, అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఎవరికి చెల్లిస్తున్నారు, అద్దె కాక వేరే ఒప్పందం ఏదైనా ఉన్నదా అని మర్యాదగా అడుగవలెను. ఉన్నవాడు అద్దెవాడో, స్వాధీన తాకట్టు పెట్టుకొని ఉన్నవాడో కూడా తెలుసుకొనవలెను.

2. ఆ వివరాలను కాగితంపై వ్రాసి అద్దెవాని సంతకం తీసుకొనవలెను. అమ్మేవాడు చెప్పినదానికి, అద్దెవాడు చెప్పినదానికి తేడా ఉంటే అది తేలేవరకు ఆగవలెను.

3. ఒప్పంద పత్రాలు, రసీదులు, కరెంటు బిల్లులు, వ్యాజ్యాలుంటే వాని కాగితాలు చూడవలెను.

4. ఖాళీ ఇల్లే కావలెనంటే, ఖాళీ అయిన తరువాతనే మిగిలిన సొమ్ము చెల్లించేటట్లు క్రయ ఒప్పందంలో వ్రాసుకొనవలెను. నోటిమాట పూచీ కాదు.

5. బాకీ అద్దెలు, అడ్వాన్సులు ఎవరివో దస్తావేజులో స్పష్టపరచవలెను. రిజిస్ట్రీ కాగానే ఇద్దరి సంతకాలతో అద్దెవారికి నోటీసు ఇవ్వవలెను.

వ్యక్తులకే కాక సంస్థలకూ ఈ మాటలు వర్తిస్తాయి. విద్యాసంస్థలు, ధార్మిక సంస్థలు తమ స్వంత అవసరానికి భవనాన్ని ఖాళీ చేయించమని కోరుటకు 1960 చట్టం ప్రత్యేకంగా అవకాశం ఇచ్చినది. అయినప్పటికీ వసతిగృహానికనో, గ్రంథాలయానికనో కిరాయిదారులున్న భవనాన్ని కొనదలచిన కమిటీ పెద్దలు, సమాజం ఇచ్చిన చందా సొమ్ము కోర్టు ఖర్చులకు పోకుండునట్లు ముందే చూసుకొనుట క్షేమం.

ముగింపు

ఇంతవరకు కొనేవాని పక్షాన మాట్లాడినాను. ఇక లోపల ఉన్నవానివైపు ఒక్కసారి చూడండి. ఇల్లు అమ్ముడుపోయినదన్న వార్త అతనికి చాలావరకు చివరగా తెలుస్తుంది. పిల్లల బడి, దగ్గరి పని, ఎరిగిన కిరాణా కొట్టు, పదేళ్ళ పొరుగు స్నేహం అన్నీ ఆ ఒక్క సంతకంతో సందేహంలో పడతాయి. అతనికి హక్కు ఉన్నదని చట్టం చెప్పుటకు ముందే, పొరుగువాని హక్కును గురించి మన మతం మనకు చెప్పినది. గడువు కావలెనన్నవానికి గడువు ఇచ్చి, అడ్వాన్సు పైసతో సహా తిరిగి ఇచ్చి, వేరే ఇల్లు చూసుకొనుటకు సాయపడిన యజమాని కోర్టు మెట్లు ఎక్కుట అరుదు.

విద్యార్థులారా! మీ తండ్రిగారో, అన్నగారో రేపు ఇల్లు కొనబోతే దస్తావేజు చదివి పెట్టమని మిమ్ములనే పిలుస్తారు. చదువుకున్న బిడ్డ మీరే గనుక. తప్పక చదవండి. చదివిన తరువాత వారి చేయి పట్టుకొని ఆ ఇంటికి తీసుకొనిపోయి, తలుపు తట్టి, లోపలివారికి సలాం చెప్పండి. మా చాచాగారు ఆ దర్జీ జనాజా మోసినవారిలో ఒకరు. “మొదటిరోజే ఇతని గడపలో కూర్చొని ఒక గ్లాసు చాయ్ తాగి ఉంటే, ఈ రెండేళ్ళూ మిగిలేవి” అని ఆయన ఆనాడు నాతో అన్న మాటతో ఈ పాఠం ముగిస్తున్నాను.